వారం వారం సరిచూసుకునే క్షమ

తెల్లచొక్కా, టై, జేబు దగ్గర నల్లటి పేరు పలకతో అమెరికాలో మన ఇళ్ల తలుపులు తట్టే కుర్రాళ్లను మనలో చాలామంది గుమ్మంలోంచే పంపించివేస్తాం. వారు లేటర్ డే సెయింట్స్ సంఘానికి, అంటే వాడుకలో మార్మన్లుగా మనకు తెలిసిన సంఘానికి చెందిన మిషనరీలు. వారి మతబోధ నాకు అక్కరలేదు, మీలో చాలామందికీ అక్కరలేకపోవచ్చు. కాని ఆ పిల్లల వారం ఎలా గడుస్తుందో తెలిశాక, క్షమించడం ఉపదేశాలు విన్నందువల్ల కాక దినచర్య వల్ల అలవడుతుందని నాకు గట్టిగా అనిపించింది.

మగపిల్లలు 18 ఏళ్లు నిండగానే మిషన్‌కు, అంటే ఈ మతప్రచార సేవకు వెళ్లవచ్చునని ఆ సంఘం 2012లో ప్రకటించింది. వారు రెండేళ్లు, ఆడపిల్లలు 18 నెలలు సేవ చేస్తారు. ఏ ఊరికి పంపితే ఆ ఊరికి పోవాలి. ఖర్చు సంఘం జీతంగా ఇవ్వదు, పిల్లలు దాచుకున్నదో కుటుంబం పెట్టుకున్నదో కావాలి. అమెరికా నుంచి వెళ్లేవారికి అది 2020 జూలై నుంచి నెలకు 500 డాలర్లయింది. ఉదయం ఆరున్నర ప్రాంతంలో లేచి, వ్యాయామం, చదువు ముగించుకుని బయటికి వెళ్తే మళ్లీ ఇల్లు చేరేది రాత్రికే. వారంలో ఒక పగలు మాత్రం బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి రాసుకోవడానికి విడిచిపెడతారు. 2019 ఫిబ్రవరికి ముందు ఇంటివారితో ఫోనులో మాట్లాడే వీలు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ ఉండేది. ఇప్పుడు ప్రతి వారం మాట్లాడుకోవచ్చు. పాత నియమం పిల్లలకూ తల్లులకూ అవసరానికి మించిన కష్టమని నా అభిప్రాయం. పిల్లలను మారమని చెప్పే సంస్థ తన నియమాన్ని తానే మార్చుకోవడం మెచ్చదగిన విషయం.

అసలు పాఠం జంటలో ఉంది. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు, పక్కన కంపానియన్, అంటే జోడీగా మరో మిషనరీ ఉండి తీరాలి. ఆ కంపానియన్‌ను ఎంచుకునే హక్కు అతనికి లేదు. ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద అయిన మిషన్ ప్రెసిడెంటు నిర్ణయిస్తాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, ఒకే పనికి కలిసి వెళ్తారు. ఆరు వారాలకొకసారి బదిలీలు జరుగుతాయి గనుక, నచ్చనివారితో ఎన్నాళ్లు ఉండాలో, నచ్చినవారు ఎప్పుడు వెళ్లిపోతారో ముందుగా తెలియదు. అందుకే వారపు ప్రణాళిక వేసుకునే రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తమ మధ్య ఏది సరిగా లేదో దాపరికం లేకుండా చెప్పుకోవాలన్న పద్ధతి పెట్టారు.

మా ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు ఈ సంగతి చెప్పాడు. కాఫీ, టీ వారికి నిషిద్ధం కాబట్టి మా ఆవిడ అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఇచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అతను నెమ్మదిగా మాట్లాడాడు. కంపానియన్ పొద్దున్నే లేవడనీ, వంటగది శుభ్రం చేయడనీ వారమంతా మనసులో లెక్క రాసుకుని, మాట్లాడుకునే రోజు ఆ చిట్టా విప్పాలని కూర్చున్నాడట. అవతలివాడు ముందుగా నోరు తెరిచి, "నా వల్ల నీకు ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడిగేసరికి చిట్టాలో సగం చెప్పబుద్ధి కాలేదట. మిగిలిన సగం చెప్పాడు, అవతలివాడు విన్నాడు, తర్వాత ఇతని తప్పులు రెండు చెప్పాడు. మరుసటి వారం కంపానియన్ లేచే వేళ పెద్దగా మారలేదనీ, తనకు కోపం మాత్రం తగ్గిందనీ ఆ కుర్రాడు అన్నాడు. ఎదుటివాడు మారితేనే క్షమిస్తానని కూర్చుంటే ఆ రోజు ఎన్నటికీ రాదని పెద్దవాళ్లకే తోచదు. ఇరవై ఏళ్లయినా నిండనివాడికి తోచింది.

ఇదంతా మనకు పరాయిది కాదు. 1978 డిసెంబరులో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఈ మతాన్ని బోధించారు. భారతదేశంలో ఆ సంఘం మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సమాజాలను కలిపిన విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. తెలుగు పిల్లలూ మిషన్లకు వెళ్తున్నారు. క్షమ మన కథల్లోనూ తక్కువ లేదు: తన అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను, వాడి తల్లి తనలా ఏడవకూడదని ద్రౌపది విడిపించింది. కథ మన దగ్గర ఉంది, కూర్చుని మాట్లాడుకునే వేళ మాత్రం లేదు. అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాటలు మానేసి పెళ్లిళ్లలో ముఖాలు తిప్పుకుంటారు. ఇక్కడి మన తెలుగు సంఘాలు ఒక ఎన్నికలో రేగిన పంతంతో రెండుగా చీలుతాయి.

ఈ పద్ధతిలో బరువూ ఉందని ఒప్పుకోవాలి. ఆరోగ్యం చెడిపోయో, మనసు నిలవకో గడువుకు ముందే తిరిగివచ్చే పిల్లలను చిన్నచూపు చూస్తే, అంతవరకూ నేర్పిన క్షమ ఆ ఇంటి గుమ్మంలోనే ఓడిపోతుంది. ఆ పరీక్ష పిల్లలది కాదు, ఊళ్లోవాళ్లది, కన్నవాళ్లది.

మన తెలుగు సంఘాల కార్యవర్గాలు ప్రతి సమావేశంలోనూ లెక్కలు, వేదికలు, భోజనాల గురించి గంటల తరబడి మాట్లాడుతాయి. అందులో ఒక పావుగంట, ఎవరి వల్ల ఎవరికి ఏ నొప్పి కలిగిందో తలుపులు వేసుకుని చెప్పుకోవడానికి కేటాయించాలని, దాన్ని రాబోయే కార్యవర్గం మొదటి సమావేశం నుంచే ఎజెండాలో పెట్టాలని నేను కోరుతున్నాను. ఆ పావుగంటలో మొదటి ప్రశ్న అధ్యక్షులే అడగాలి, అదీ తమ గురించే అడగాలి.