కుందేలు తినేది కసువు, క్యారెట్ కాదు

పాప పుట్టినరోజుకని పోయిన నెల ఒక కుందేలు పిల్లను తెచ్చినా. ఇక్కడే, కర్నూల్లో, పిట్టలూ చేపలూ అమ్మే ఒక అంగట్లో. ఏం పెట్టాలని అడిగితే ‘ఏం పెట్టినా తింటాది సార్, క్యారెట్ పెట్టు, ఈ రంగుల ఫీడు ఒక కేజీ తీసుకో’ అన్నాడు. దాని వయసెంత, ఇన్నాళ్ళూ ఏం మేసింది, ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదులే. సెల్‌ఫోన్ కవరు కొనడానికి నాలుగు అంగళ్ళు తిరిగేవాణ్ణి, ప్రాణమున్నదాన్ని పది నిమిషాల్లో సంచిలో వేసుకొచ్చినా.

హాల్లో టీవీ పక్కన పంజరం పెట్టినాం. వీధిలో పిల్లలంతా వరసపెట్టి ఎత్తుకున్నారు. రాత్రికి క్యారెట్ ముక్క వడిలిపోయింది, ఫీడు పోసింది పోసినట్టే ఉంది. ‘కొత్త కదా, ఆకలేస్తే అదే తింటాదిలే’ అనుకొని పడుకున్నాం.

నాకు ఒళ్ళు మండేది ఈ మాట మీదే. కుక్క విషయంలో నడుస్తుందేమో, కుందేలు ప్రాణం తీసేస్తుంది. దాని పేగులు ఎప్పుడూ ఆడుతూనే ఉండాలి. మేత ఆగితే పేగులు మందగిస్తాయి, గ్యాసు పడుతుంది, ఆ నొప్పికి ఇంకా ముట్టదు. వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు. 12 గంటలు ఏమీ తినకపోతే ఇంట్లో వైద్యాలు మాని డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

పొద్దున చూస్తే పెంటికలు నాలుగే నాలుగు. శనగగింజంత ఉండాల్సినవి మిరియాలంత ఉన్నాయి. మా అమ్మ తొంగి చూసి, ‘కసువు మేసేదానికి బిస్కెట్ల మాదిరివి పోస్తే యాడ తింటాది నాయనా’ అనింది. పశువుల డాక్టరు పొట్ట తడిమి, పళ్ళు చూసి, సిరప్ ఇచ్చి చెప్పింది కూడా ఇంచుమించు అదే. మేతలో నూటికి ఎనభై పాళ్ళు గడ్డే ఉండాలంట. పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్ అంటే దానికి మిఠాయి, ఎప్పుడన్నా చిన్న ముక్క. ఇంకోమాట గట్టిగా చెప్పినాడు: మనుషుల మందుల షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చి తాగించొద్దు, కుందేలుకు అది విషమే.

కేసీ కాలువ దిక్కు పోయి, మందు కొట్టని చోట చూసుకొని గరిక కోసుకొచ్చినా. పంజరాన్ని మూల గదిలోకి మార్చి, అట్టపెట్టెకు బొక్క పెట్టి లోపల పెట్టినాం. నీళ్ళు మట్టి మూకుట్లో పోసినాం. ఎవరూ ఎత్తుకోవద్దని పాపకు ఒట్టు పెట్టించినా. సాయంత్రం పెట్టెలోంచి ముక్కు బయటికొచ్చింది. ఒక గరిక పోచ చివర పట్టుకుంది చూడు, కుట్టుమిషను కింద గుడ్డ జరిగినట్టు టకటకా లోపలికి పోయింది. మా పాప ఊపిరి కూడా పీల్చలేదు.

అంగట్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఫీడే మేసిందేమో అని, దాన్ని ఒక్కసారే ఆపలేదు. అలవాటైన మేతను వారం పది రోజుల మీద తగ్గించుకుంటూ రావాలి, లేకుంటే పొట్ట చెడుతుంది. కొత్తిమీర, పుదీనా ఒక్కొక్కటే కొంచెం కొంచెం అలవాటు చేసినాం. గరిక నీడలో ఆరబెట్టి గోనెసంచిలో పెడితే బూజు పట్టదు. లూసర్న్ అనే పశువుల మేత, బుడ్డల కట్టె (వేరుశనగ చెట్ల ఎండుమేత) పెట్టొచ్చు కదా అని అడుగుతారు. ఆరు నెలల లోపు పిల్లకు లూసర్న్ మంచిదే. పెద్దదానికి ఈ రెండూ రోజూ పెడితే ఒంట్లో సున్నం, అంటే కాల్షియం, ఎక్కువైపోతుంది.

తెల్లారుజామున అది వంగి తన పెంటికలనే తింటుంటే పాప ఛీ ఛీ అని అరిచింది. అవి మామూలు పెంటికలు కావు, మెత్తగా గుత్తిలా ఉంటాయి. ఆవు నెమరేసినట్టే అనుకోండి, మొదటిసారి అరగని సారం రెండోసారి ఒంటికి పడుతుంది. తిననీండి.

అమ్మేవాళ్ళ మీద నాకున్న కోపం ఇదే. గరిక కట్ట చూపించి ‘ఇదే దీని అన్నం’ అని చెప్పడానికి అర నిమిషం పట్టదు. చెబితే ఫీడు అమ్ముడుపోదు కదా! 30 డిగ్రీలు దాటితేనే అల్లాడి మేత తగ్గించే జీవిని, ఏప్రిల్‌కే 40 దాటే ఊర్లో ఒక జాగ్రత్త కూడా చెప్పకుండా అమ్ముతారు. బర్త్‌డేకు బొమ్మ కొన్నట్టు మనమూ కొంటాం.

నిన్న పక్కింటి పిన్నమ్మ ‘పాపం, దానికి పెట్టు నాయనా’ అని మళ్ళీ రెండు క్యారెట్లు ఇచ్చింది. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నా. మధ్యాహ్నం సాంబార్లో వేసుకున్నాం.