ఉభయకుశలోపరి, జోంగా గారూ!

మహారాజశ్రీ జోంగా గారి సముఖమునకు, బరంపురం నుంచి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమంగా లేరని నాకు తెలుసు. ఎందుకంటే 'అక్కడ' అంటే మా వరండాకి పది అడుగుల దూరం. రాత్రంతా తమ కింద చుక్కచుక్కగా కారిన ఆయిలు పొద్దున్నే మా ఆవిడ ముగ్గులో కలిసింది.

ఎదురుగా ఉన్నవారికి ఉత్తరం ఏమిటని తమరు అడగొచ్చు. నోటితో చెప్పాల్సినవన్నీ చెప్పి చూశాను. బతిమాలాను, తిట్టాను, బానెట్టు మీద చెయ్యేసి ఒట్లు పెట్టాను. మిలట్రీలో జీపుగా పనిచేసి వచ్చినవారు కదా, కాగితం మీద పెడితేనే కదులుతారేమోనని ఈ ప్రయత్నం.

తమరు మా ఇంటికి వచ్చింది 2017 వేసవిలో. వచ్చారనడం మర్యాద కోసం. నిజానికి లారీ మీద ఎక్కించి తెచ్చాం. దింపాక మా అమ్మ హారతిచ్చి, టైరు కింద నిమ్మకాయ పెట్టింది. ఆ నిమ్మకాయ చాలా రోజులు అలాగే గుండ్రంగా ఉంది. 1936 ఏప్రిల్ 1న మా తాతగారు నిద్ర లేచేసరికి ఊరు ఊరంతా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకి బదిలీ అయిపోయిందట. ఇంటి గుమ్మం కూడా దాటకుండా రాష్ట్రం మారిన వంశం మాది. కదలకపోవడం మాకు కొత్త కాదు గానీ, దానికోసం డబ్బిచ్చి ఒకరిని తెచ్చుకోవడం మాత్రం నాతోనే మొదలు.

ముందు తమ పేరు సంగతి. ఊళ్ళో సగం మంది తమరిని జపాన్ మనిషి అనుకుంటారు, మిగతా సగం ఆఫ్రికా జంతువు అనుకుంటారు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల ముక్కలు అతికిస్తే వచ్చిన పేరని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. జపాన్ మాట పూర్తిగా అబద్ధం కాదులెండి. నిస్సాన్ వాళ్ళ 'ప్యాట్రోల్' అనే బండికి లైసెన్సు తీసుకుని జబల్‌పూర్ వాహనాల ఫ్యాక్టరీలో తమరిని తయారుచేశారు, 1999 దాకా చేశారు. ఇదంతా నేను చెబుతుంటే మా ఆవిడ విని, "జోంగా ఏమిటండీ, జంగమయ్య అనండి" అంది. నెల తిరిగాక తనే దిద్దుకుంది. జంగమం అంటే కదిలేది కదా, ఈయన స్థావరం అని. చరాస్తి కింద కొన్నవాణ్ణి, ఇంటి పన్నుకొచ్చే మనిషి తమరి వైపు చూసినప్పుడల్లా స్థిరాస్తి కింద రాసుకుపోతాడేమోనని భయం.

తమరిని కొన్నది ఆ రంగు చూసి. దాచడం ఎందుకు? ఆ ఆలివ్ పచ్చ, పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే ఆ నంబరు, చక్రం పైన తెల్లగా రాసిన గాలి లెక్క. అవి చూస్తే నా ఛాతీ దానంతట అదే రెండంగుళాలు పెరిగింది. తీరా రవాణా ఆఫీసుకి వెళ్తే గుమస్తా గారు కళ్ళజోడు మీంచి చూసి చెప్పిన మొదటి మాట, ఆ రంగు తీసేసి రమ్మని. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఉందట. రక్షణ శాఖ బండికి తప్ప ఇంకే బండికీ ఆలివ్ పచ్చ వేయకూడదు. బాణం కూడా వాళ్ళదే, మనకి చెల్లదు. అంటే నేను ముచ్చటపడి కొన్నవన్నీ చట్టప్రకారం గోకేయాలి. మిగిలిన ఇనుము మాత్రం నాది.

నేను వాదించాను. "ఆజ్ఞా (ఒడియాలో అయ్యా అని), ఇది ఆలివ్ కాదు, గోంగూర రంగు" అన్నాను. గోంగూర ఆయనకి తెలియదు. పెసరట్టు రంగన్నాను. పెసరట్టు ఆయనకి బాగా తెలుసు, అందుకే ఒప్పుకోలేదు. ఎరుపు వేయిస్తే వీధిలో పిల్లలు ఫైరింజను అన్నారు. తెలుపు వేయిస్తే మైకు ఎక్కడ, ఏ పార్టీ అని అడిగారు. చివరికి ఇసుక రంగు దగ్గర ఆగాం. ఆ రంగులో తమరు గోపాల్‌పూర్ బీచిలో ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉన్నారు. కాగితాల కథ వేరే ఉంది. సైన్యం నుంచి వచ్చిన బండికి అసలు అమ్మకం సర్టిఫికెట్టు ఫారం 21లో ఉండాలి, అది వేలంలో లాటుగా కొన్న వ్యాపారి దగ్గర ఉండాలి, ఆ వ్యాపారి ఫోను ఎత్తాలి. మూడోది చాలా కాలం జరగలేదు. ఆ వ్యాపారి పేరు ఎత్తితే ఇప్పటికీ మా ఇంట్లో అన్నం సహించదు కాబట్టి ఇక్కడా రాయను.

ఇక సుబేదారు మావయ్య. గోడ అవతల ఇల్లే, తమరికి ఆయన గొంతు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు సర్వీసు చేసి వచ్చిన మనిషి. తమరొచ్చిన రోజు నేను ఉబ్బితబ్బిబ్బై, మొట్టమొదటి రౌండు ఆయననే తిప్పుదామని వెళ్ళి పిలిచాను. ఆయన గేటు దాకా వచ్చి, తమరిని చూసి, చెప్పులు విడవబోయి మళ్ళీ తొడుక్కున్నారు. "ఒరే అబ్బాయ్, వీటి వెనక బల్ల మీద కూర్చుని నా నడుం ఎన్నో పూసో పోయింది. ఇందులోంచి దిగడానికే కదురా నేను పెన్షన్ తీసుకున్నది!" అన్నారు. ఆయనది గేర్లు లేని స్కూటర్. దాన్ని ఒక బటన్ నొక్కి స్టార్ట్ చేసి, నా ఎదురుగానే మార్కెట్‌కి వెళ్ళి, వంకాయలు తెచ్చుకున్నారు. అప్పటికి నేను తమరి బ్యాటరీ క్లిప్పు దగ్గరే ఉన్నాను.

అయినా సిగ్గుపడలేదు. మిలట్రీ బళ్ళకి వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండుకి తెల్లరంగు వేసి, దానిమీద పడేలా చిన్న దీపం పెడతారు కదా. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు ఆర్పేసి వెళ్ళేటప్పుడు వెనకవాడికి ఆ తెల్లమచ్చ ఒక్కటే దారి. శత్రువుకి పైనుంచి కనపడదు, వెనక డ్రైవర్‌కి కనపడుతుంది. ఎంత తెలివైన ఏర్పాటు! ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ వంగోబెట్టి చూపించాను. మా పెద్దత్తయ్యని కూడా. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, వంగాక లేవలేకపోయింది. మావయ్యకీ చూపించి ఎలా ఉందన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "రాత్రంతా ఆ గుండునే చూస్తూ ఘాట్ ఎక్కినవాణ్ణి రా. అది కాస్త అటూ ఇటూ ఊగితే ముందు బండి లోయలోకి పోయిందేమో అనుకునేవాణ్ణి. నువ్వు దానికి ఎల్ఈడీ పెట్టించావా?" అన్నారు. పెట్టించాను. రంగులు మారేది. ఆ సాయంత్రమే పీకేశాను.

తమ ఆహారం గురించి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ. ఎదురింటి ఆల్టోది 796 సీసీ. అంటే అయిదు ఆల్టోలకి పట్టే అన్నం తమరొక్కరే తింటారు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు మా ఇంట్లో పాయసం. గోపాల్‌పూర్ ఇక్కడికి పదహారు కిలోమీటర్లు, వెళ్ళి రావడానికి ఎనిమిది లీటర్లు. సముద్రం చూడ్డానికి మనిషికి అంత ఖర్చా అని మా ఆవిడ అడిగితే, చేపలు తెస్తాను కదా అన్నాను. లెక్క వేసి చూపించింది. కిలో పండుగప్ప మీద పెట్రోలు ఖర్చు చేపని మించిపోయింది.

పైగా ఇప్పుడు బంకుల్లో పెట్రోల్‌లో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపి పోస్తున్నారు. తమ కాలం నాటి రబ్బరు గొట్టాలకి, పంపులోని పొరకి అది పడదు. ఉబ్బుతాయి, పగుళ్ళిస్తాయి. మా మెకానిక్ కుర్రాడికి ఇది ఎంతకీ అర్థం కాదు. "ఇథనాల్ అంటే మందే కదా సార్! మిలట్రీ వాడికి మందు పడకపోవడమేంటి?" అంటాడు. జబల్‌పూర్ వాళ్ళని అనడానికేమీ లేదు, వాళ్ళు తమరిని కొండలకీ గుట్టలకీ తగ్గట్టే కట్టారు. మధ్యలో ఎవరెవరో తీగ చుట్టి, టేపు అంటించి, సబ్బు ముక్కతో ట్యాంకు కన్నం పూడ్చారు చూడండి, ఆ వైద్యం ఫలితం ఇది.

గోపాల్‌పూర్ అన్నాను కనుక మొన్న సంక్రాంతినాడు జరిగింది కూడా రాస్తాను, ఎంత సిగ్గైనా. అక్కడి గోలాబంధలో సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. విమానాలని కూల్చడం నేర్పే చోటు. ఆ రోడ్డులో, తమ పాత కొలీగులు తిరిగే ఆ రోడ్డులోనే, తమరు ఆగిపోయారు. నేను చలవ కళ్ళద్దాలు, మచ్చల టోపీ పెట్టుకుని, అద్దాన్ని బానెట్టు మీదకి వాల్చి మంచి ఊపు మీద ఉన్నాను. పది నిమిషాలకి ఒక మిలట్రీ ట్రక్కు వచ్చి ఆగింది. ఆరుగురు కుర్రాళ్ళు దిగారు. ఒకడు తమరిని చూసి రెండో వాడితో, "మా నాన్న నడిపిన బండిరా ఇది" అని హిందీలో అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. టోపీని చూశాడు. నేను టోపీ తీసి సీటు కింద పెట్టాను. ఆరుగురూ తోశారు, తమరు స్టార్ట్ అయ్యారు. దేశ సైన్యంతో కలిసి నేను పాల్గొన్న ఆపరేషన్ ఇప్పటికి అదొక్కటే.

ఆ టోపీ కథ చెప్పనిచ్చారు కాదు. తమరొక్కరే వచ్చి ఉంటే ఎలాగో సర్దుకునేవాణ్ణి. తమ వెనకే పరివారం వచ్చింది. కాన్వాస్ సంచి, ఉన్ని గుడ్డ చుట్టిన నీళ్ళ సీసా, మెస్ టిన్నులు, ఎవరి పాదాలకీ పట్టని బూట్లు, మడత పెట్టే పార. పాత ఇనుము కొట్లలో 'అసలు మిలట్రీది' అనే ఒక్క మాట వింటే చాలు, నా చెయ్యి జేబులోకి వెళ్ళిపోయేది. అందులో సగం ఏ టైలరు కొట్టులోనో కుట్టినవని తర్వాత తెలిసింది. మచ్చల చొక్కా కూడా కొన్నాను. అది తొడుక్కుని రాయగడ వైపు ఏజెన్సీ రోడ్డులో వెళ్తానంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ దారుల్లో ఆ చొక్కా చూసి అటువాళ్ళు ఒకటనుకుంటారు, ఇటువాళ్ళు ఒకటనుకుంటారు, ఎవరు ఏమనుకున్నా నష్టం నీకే అన్నారు. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ వేషం వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. చొక్కా ధర ఎనిమిది వందలు. ఇప్పుడది తమరిని తుడిచే గుడ్డ.

జెర్రీ క్యాను ఒక్కటే నాకు మిగిలిన గౌరవం. జర్మన్లు 1930ల్లో చేసిన డబ్బా అది. ఇంగ్లీషు సిపాయిలు జర్మన్లని జెర్రీలనేవాళ్ళు కనుక ఆ పేరు. 20 లీటర్లు పడుతుంది. పైన మూడు పిడులు ఎందుకో తెలుసా? నిండుదైతే ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటారు, ఖాళీదైతే ఒక్కడే ఒక్కో చేత్తో రెండేసి మోస్తాడు. యుద్ధం ఇంకా మొదలవకముందే కూర్చుని మూడో పిడి గురించి ఆలోచించినవాడికి దణ్ణం పెట్టాలి. మా ఆవిడ అందులో నీళ్ళు పట్టి కరివేపాకు మొక్కకి పోస్తోంది. మొక్క బాగుంది.

తుఫాను మాట ఎత్తకూడదనుకున్నాను. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, ఊరంతా చెట్లు అడ్డం పడి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడే అనుకున్నాను, నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి ఇంట్లో ఉండాలని. తమరి కొనుగోలుకి ఇంట్లో నేను చెప్పిన అధికారిక కారణం కూడా ఇదే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చింది. గజపతి జిల్లా అతలాకుతలమైంది. పర్లాకిమిడిలో మా అత్తవారి ఫోన్లు పలకలేదు. తాడు, టార్చి, పార, క్యాను అన్నీ సర్దుకుని తాళం తిప్పాను. 'టిక్' అన్నారు. ఇంకోసారి తిప్పాను. టిక్కూ అనలేదు. రెండు రోజుల తర్వాత మా బావమరిదే టీవీఎస్ మోపెడ్ మీద, ముందర కొబ్బరికాయల బస్తా పెట్టుకుని, మేమెలా ఉన్నామో చూద్దామని ఇక్కడికి వచ్చాడు. తమరి పక్కనే స్టాండు వేశాడు. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. క్యానులోవే.

అమ్మేయమంటారు అందరూ. కొనేవాళ్ళు వచ్చారు కూడా. ఒకతను కిలోల లెక్కన అడిగాడు, నేను అతనికి కాఫీ కూడా ఇవ్వలేదు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ అని నమోదు చేయించుకోవచ్చు. 20 వేలు కట్టాలి, నంబరులో 'వీఏ' అని వస్తుంది, ఆ తర్వాత ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోజువారీ పనులకి తిప్పకూడదు. మన జీవితం ఇప్పటికే అలా నడుస్తోంది కదా! కాకపోతే తమ పుట్టుక 1987. 2037 దాకా తమరు పాతవారే తప్ప పురాతనం కారు. అప్పటికి నాకు అరవై రెండు. అందాకా రోజూ పొద్దున ఆయిలు చూసి, నీళ్ళు పోసి, దుమ్ము దులిపి, ప్లగ్గులు గీకే పని నాదే. పటాలంలో తమకి డ్రైవరొకడు, మెకానిక్కొకడు, తనిఖీకి వచ్చే ఆఫీసరొకడు ఉండేవారట. ఆ ముగ్గురి పోస్టులూ ఇక్కడ ఒక్కడే చేస్తున్నాడు, జీతం ఎదురిచ్చి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇది. వచ్చే శుక్రవారం సుబేదారు మావయ్య రెండో అబ్బాయి పెళ్ళి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఊరేగింపు తమరి మీదే కావాలని పట్టుబట్టాడు, ఫొటోలు బాగా వస్తాయట. మావయ్య వారం రోజులు వద్దన్నారు. చివరికి ఒప్పుకుని, తను మాత్రం స్కూటర్ మీద వెనక వస్తానన్నారు. గిరి రోడ్డు నుంచి కల్యాణ మండపం దాకా, నడిచే వేగంతో, ముందు బాజా. తమరు స్టార్ట్ అవ్వాల్సిన పని కూడా లేదు. తోయడానికి నలుగురు కుర్రాళ్ళని మాట్లాడాను, పట్టు పంచెలు కట్టించి వెనక నిలబెడితే డాన్సు చేస్తున్నారనుకుంటారు. బ్రేకు ఒక్కటి పట్టండి చాలు. అక్కడ కాస్త పల్లం ఉంది, ముందు బ్యాండు వాళ్ళుంటారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ ఆర్డర్లీ

తా.క.: వెనక తెల్లగుండుకి మావయ్య నిన్న సాయంత్రం తనే వచ్చి మళ్ళీ రంగు వేశారు. లైటు వద్దన్నారు.