ఇంగ్లీషు కింద దాగిన భాష: ఐర్లండ్ సాహిత్యాన్ని చదివే తీరు

ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ తొలి నవల 1916లో పుస్తకంగా వచ్చింది. అందులో గరాటు గురించి ఒక చిన్న సంభాషణ ఉంది. డబ్లిన్ కళాశాలలో చలికి పొయ్యి రాజేస్తున్న ఆంగ్లేయ గురువు, దీపంలో నూనె పోసే గరాటుకు ఇంగ్లీషులో అందరూ వాడే మాటే వాడతాడు. విద్యార్థి స్టీఫెన్ మాత్రం దాన్ని ‘టన్‌డిష్’ అంటాడు. ఆ మాట తన జన్మలో వినలేదని గురువు ఆశ్చర్యపోతాడు. మేమిద్దరం మాట్లాడుతున్న ఈ భాష నాకన్నా ముందు ఆయనది కదా అని స్టీఫెన్ మనసులో నొచ్చుకుంటాడు. నవల చివర్లో, డైరీలో, ఇంకో సంగతి రాసుకుంటాడు: నిఘంటువు తీసి చూస్తే అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాటేనట.

చర్చల్లో తరచూ ఉటంకించేది స్టీఫెన్ ఆవేదననే, నిఘంటువు సంగతి వెనక్కు పోతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. పాలకులు మరచిపోయిన పాత ఇంగ్లీషు మాటలూ, ప్రజలు పోగొట్టుకున్న ఐరిష్ భాష వాక్యం కట్టే తీరూ కలిసిపోయిన భాషలో వచ్చిన సాహిత్యమిది. దీన్ని ఆంగ్ల సాహిత్యంలో ఒక ప్రాంతీయ శాఖగా చదివినా, జాతీయోద్యమానికి అనుబంధంగా చదివినా అందేది సగమే. అధ్యయనం మాత్రం చాలాకాలం ఈ రెండు దారుల్లోనే తిరిగిందని నా అభిప్రాయం.

ఐర్లండ్ 1801 జనవరి 1న బ్రిటన్‌లో విలీనమైంది. అంతకు ముందు ఏడాదే మరియా ఎడ్జ్‌వర్త్ నవల ‘కాజిల్ రాక్‌రెంట్’ వెలువడింది. ఒక జమీందారీ ఆస్తి నలుగురు వారసుల చేతుల్లో ఎలా కరిగిపోయిందో ఆ ఇంటి ముసలి నౌకరు థేడీ క్వర్క్ చెప్పుకొస్తాడు. థేడీ మాటల్ని సాదా ఇంగ్లీషులోకి అనువదిద్దామనుకున్నాననీ, అవి అనువాదానికి లొంగేవి కావనీ ముందుమాటలో ‘సంపాదకుడు’ చెబుతాడు. ఇంగ్లీషులోంచి ఇంగ్లీషులోకి అనువాదమన్నమాట! అది చాలదన్నట్టు, ఇంగ్లండ్ పాఠకుల కోసం ఒక పదకోశం కూడా జతచేశారు. ‘గలివర్’ రాసిన జోనథన్ స్విఫ్ట్ వంటివారు అంతకు ముందే డబ్లిన్‌లో కూర్చుని గొప్ప ఇంగ్లీషు రాసినా, ఆ ఇంగ్లీషుకు పదకోశం అవసరం పడలేదు.

ఆ తర్వాతి యాభై ఏళ్లలో ఐరిష్ భాష కుప్పకూలింది. 1831లో మొదలైన జాతీయ పాఠశాలల్లో బోధన ఇంగ్లీషులో సాగింది. 1845లో మొదలైన బంగాళదుంప కరవులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందే వలసపోయారు. దెబ్బ ఎక్కువగా తగిలింది ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలకే. అయితే నోట్లో భాష మారినంత తేలిగ్గా మాట కూర్చే పద్ధతి మారదు. ఐరిష్‌లో ఇంగ్లీషు ‘హ్యావ్’కు సాటివచ్చే క్రియ లేదు. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అని మనం అన్నట్టే వాళ్లూ అంటారు. ఇప్పుడే తిన్నానని చెప్పడానికి, ‘తినడం తర్వాత ఉన్నాను’ అనే ఐరిష్ కూర్పును ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించి ‘ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్’ అంటారు. వింటున్న లండన్ మనిషికి మాత్రం ఇతనెవరో తిండి కోసం తిరుగుతున్నట్టు తోస్తుంది.

జాన్ మిల్లింగ్టన్ సింజ్ తన నాటకాలన్నీ ఇలాంటి కూర్పు మీదే నిలబెట్టారు. 1898 నుంచి పడమటి తీరంలోని ఆరన్ దీవులకు వెళ్లి ఐరిష్ విన్నారు. విక్లో కొండల్లోని ఒక పాత ఇంట్లో, నేల చెక్కల సందులోంచి కింద వంటింట్లో పనిపిల్లల మాటలు వింటూ ఒక నాటకం రాశానని స్వయంగా చెప్పుకున్నారు. 1907 జనవరిలో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో ఆయన ‘ప్లేబాయ్’ నాటకానికి గొడవలు జరిగాయి. ఆడవాళ్ల లోదుస్తును పేరుపెట్టి అనడం ఒక కారణమైతే, మన పల్లెటూరివాళ్లు ఇలా మాట్లాడరన్నది మరో ఆరోపణ. ఆ భాష వెనుక ఎంత గట్టి ఐరిష్ పాండిత్యం ఉందో విమర్శకుడు డెక్లన్ కైబర్డ్ 1979లో ఒక పుస్తకమంతటా విడమరచి చూపారు. అప్పటికి సింజ్ చనిపోయి డెబ్బై ఏళ్లు.

దారి చూపినవారు లేరా అంటే ఉన్నారు. డబ్లిన్‌లో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డొనా, ఐరిష్ మాట తీరు, ఐరిష్ పద్యం నడక ఆ దేశపు ఆంగ్ల కవిత్వపు లయనే మార్చాయని వాదించారు. బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు 1916 మే 3న ఆయన్ను కాల్చి చంపారు. పుస్తకం ఆ ఏడాదే, ఆయన పోయాక వచ్చింది. తర్వాత 1931లో కార్క్ ఆచార్యుడు డేనియల్ కోర్కరీ అదే ప్రశ్నను తీసుకుని మతం, జాతీయత, నేల అనే మూడు కొలతలకు కుదించారు. ఆయన ఐరిష్ ప్రేమ నిజమైనదే. కానీ ఆ కొలతలతో చూస్తే, ప్రొటెస్టెంట్ భూస్వామ్య వర్గంలో పుట్టిన రచయితలు చాలామంది గడపకు అవతలే ఉండిపోతారు. ‘ఆంగ్లో-ఐరిష్’ అన్న పేరుతో వచ్చిన తంటా కూడా ఇదే. అది ఆ వర్గానికి చెందిన పేరు, దాన్ని కాథలిక్ రైతుబిడ్డల రచనలకూ తగిలించారు. ఈ రంగంలోని అంతర్జాతీయ సంఘం కాలక్రమంలో ఆ మాట వదిలేసి ‘ఐరిష్ సాహిత్యాలు’ అని బహువచనంలో పేరు మార్చుకుంది.

ఆబీ థియేటర్‌కు దారితీసిన రంగస్థల ఉద్యమంలో నటించి, నాటకాలు రాసిన జేమ్స్ కజిన్స్ 1915లో భార్య మార్గరెట్‌తో ఇండియా వచ్చి, మన మదనపల్లెలో అధ్యాపకుడయ్యారు. జాయిస్ ఒకప్పుడు కొన్నాళ్లు ఈ దంపతుల ఇంట్లోనే తలదాచుకున్నారు. జాయిస్ నవల ‘యులిసిస్’లో స్టీఫెన్ చెల్లించాల్సిన అప్పుల జాబితాలో కజిన్స్‌కు పది షిల్లింగులని ఉంటుంది. 1919లో టాగోర్ ‘జనగణమన’ను ఆంగ్లంలోకి తెచ్చింది, మార్గరెట్ దానికి స్వరం కట్టింది మదనపల్లెలోనే. దీన్ని మనం జాతీయగీతం కథగానే చెప్పుకుంటాం తప్ప ఐరిష్ సాహిత్య చరిత్రలో భాగంగా చూడం.

భాషా సమస్యను విమర్శకులకన్నా సూటిగా పట్టుకున్నది ఒక నాటకం. 1980లో బ్రయాన్ ఫ్రీల్ రాసిన ‘ట్రాన్స్‌లేషన్స్’ డెరీ నగరంలో మొదట ఆడింది. కథాకాలం 1833. బ్రిటిష్ సైనికులు పటం గీస్తూ ఊళ్ల పేర్లను ఇంగ్లీషులోకి మారుస్తుంటారు. పల్లెవాళ్లు మాట్లాడేది ఐరిష్, సైనికులది ఇంగ్లీషు. కానీ రంగం మీద అందరి నోటా వినిపించేది ఇంగ్లీషే. లెఫ్టినెంట్ యోలండ్, మాయిరా ప్రేమగా చెప్పుకునే మాటలు ప్రేక్షకుడికి రెండువైపులా అర్థమవుతాయి, వాళ్లకు మాత్రం ఒకరి మాట ఒకరికి తెలియదు. ఈ నాటకాన్ని ప్రదర్శించిన ‘ఫీల్డ్ డే’ సంస్థే 1991లో షేమస్ డీన్ సంపాదకత్వంలో ఐరిష్ రచనల సంకలనాన్ని మూడు భారీ సంపుటాలుగా తెచ్చింది. స్త్రీల రచనలకు చోటు తగ్గిందన్న విమర్శ న్యాయమైనదే కాబట్టి, 2002లో వాటికోసమే మరో రెండు సంపుటాలు వేయాల్సి వచ్చింది.

ఐరిష్ రాకుండా ఆస్కార్ వైల్డ్‌నూ బెర్నార్డ్ షానూ చదవలేమా అని అడగవచ్చు. నిక్షేపంగా చదవవచ్చు. నా వాదన వారి గురించి కాదు, సింజ్, ఫ్రీల్ వంటివారి గురించి.

ఇప్పుడు ప్రయాణం ఎదురు దిశలోనూ సాగుతోంది. క్లేర్ కీగన్ ఇంగ్లీషు కథ ‘ఫాస్టర్’ను 2022లో ఎక్కువ భాగం ఐరిష్‌లోనే సినిమాగా తీశారు. ఇంగ్లీషులో తీసి ఉంటే ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేషన్‌కే అర్హత ఉండేది కాదు. అందులో కూతుర్ని పట్టించుకోని తండ్రి ఇంగ్లీషు మాట్లాడతాడు. ఆమెను అక్కున చేర్చుకున్న దంపతులు ఐరిష్ మాట్లాడతారు. కీగన్ కథలో ఈ తేడా లేదు.