ఓసారి మంచు సూపించమ్మా!

సాయంత్రం ఆరు గంటలు. శ్రీకాకుళంలో టీ తాగడం అయిపోయింది, సీరియల్‌కి ఇంకా వేళ కాలేదు, ఇంటికి నలుగురు చుట్టాలొచ్చి ఉన్నారు. అమెరికాలో టీచరుగా ఉన్న మనింటి అమ్మాయికి వీడియో కాల్ చెయ్యడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. "ఏటమ్మా, బాగున్నావా" అన్నది మర్యాదకి. అసలు మాట రెండోది. "ఓసారి మంచు సూపించమ్మా!"

ఈ కోరికను తేలిగ్గా తీసుకోకూడదు. అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడతాయని తెల్లవారుజామున తోసుకునే జనంలో కూడా ఇంత పట్టుదల కనపడదు. అక్కడ మబ్బు పడితే సరిపెట్టుకుని ఇంటికొచ్చేస్తారు. మంచు దర్శనం విషయంలో ఆ సర్దుబాటు లేదు.

చలికాలంలో ఆ అమ్మాయి ఉండే మిన్నెసోటా రాష్ట్రం గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మన ఆరంటే అక్కడ పొద్దున్న ఆరున్నర. ఉత్తరాన జనవరిలో ఎనిమిదైతే గాని తెల్లారదు. కాబట్టి ఫోన్లో కనపడేది చీకటి. "మంచు నల్లగా ఉందేటమ్మా?" అని పెద్దత్త అనుమానం.

ఆ సమయానికి ఆ అమ్మాయి ఏం చేస్తోందో చూద్దాం. ఒక కొసన బ్రష్షూ, రెండో కొసన గీకుడుబద్దా ఉన్న కర్ర పట్టుకుని కారు చుట్టూ తిరుగుతోంది. మొదట వెనకవైపు పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలి. అది మూసుకుపోయి ఉండగా ఇంజను వేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోకే ఎక్కుతుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. తర్వాత ఇంజను వేసి వేడిగాలి ముందద్దం మీదికి తిప్పాలి. ఆపైన కప్పు దులపాలి. బద్ధకించి కప్పు వదిలేసి అద్దం ఒక్కటీ తుడుచుకుని బయల్దేరితే, మొదటి బ్రేకుకే కప్పు మీది మంచంతా ముందద్దం మీదికి జారి, రోడ్డు మధ్యలో కళ్లకు గంతలు కడుతుంది. అప్పుడు గీకాలి. రాత్రంతా ఇంజనుని కరెంటుతో వెచ్చగా ఉంచే హీటరుకి ప్లగ్గు పెట్టడం మరిచిపోయారా, ఇదేదీ మొదలే కాదు. నూనె చిక్కబడి, బ్యాటరీ నీరసించి, తాళం తిప్పితే కారు ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంటుంది.

ఇంత పనిలో ఫోనెత్తాలంటే చేతి తొడుగు తీయాలి. తీసి, మంచు వైపు కెమెరా తిప్పేలోగా నలభై శాతం ఉన్న ఛార్జింగు చలికి చచ్చి ఫోను ఆగిపోతుంది. లిథియం బ్యాటరీ స్వభావమే అంత. మళ్లీ వెచ్చబడితే ప్రాణం లేస్తుంది. మన వీధిలో మాత్రం ఈలోగా తీర్పు వచ్చేస్తుంది: "కట్ సేసీసింది. డాలర్లు సూసింది గదా మరి."

ఇక మావయ్య గారు. లంబసింగిలో ఒక రాత్రి గడిపి, టీ గ్లాసుతో సెల్ఫీ దిగిన నాటి నుంచీ ఆయన చలిశాస్త్రంలో ఆచార్యుడు. "అద్దం మీద ఏడినీలు పోసీమ్మా, ఏటైపోద్ది? లంబసింగిలో నాను సూల్లేదేటి?" ఏమైపోతుందంటే, మైనస్ ఇరవైలో ఉన్న గాజు పోసినచోట ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, పక్కన వ్యాకోచించదు, నిలువునా పగులుతుంది. పగలకపోయినా ఆ నీళ్లు అక్కడే గడ్డకట్టి గీకాల్సిన పని రెట్టింపవుతుంది. "సున్నా డిగ్రీలేనా, మా ఫ్రిజ్జులోనూ అంతే" అని కూడా మావయ్యే అంటారు. అక్కడ సున్నా అంటే ఫారెన్‌హీటు సున్నా, మన లెక్కలో మైనస్ 18. అది ఐస్‌క్రీం పెట్టే డీప్ ఫ్రీజరు, మావయ్యా. మనుషులు అందులో నడిచి ఉద్యోగానికి పోతారు.

బట్టల సంగతి మరీ ముచ్చట. గంటస్తంభం దగ్గర కొన్న మంకీ క్యాప్ ఒకటి, లోపల తొడుక్కోవడానికి ఆప్యాయంగా పొందూరు ఖద్దరు రెండు జతలు. వాలుగ చేప దవడతో ఏకిన దూదితో వడికిన ఆ నూలుకి దండం పెట్టాల్సిందే. మన ఉక్కలో చెమట పీల్చుకోవడమే దాని గొప్ప. మంచులో అదే దాని నేరం. పీల్చిన తడిని ఒంటికి అంటిపెట్టి ఉంచి, ఆగి నిలబడగానే ఎముకల్లోకి చలి దింపుతుంది. ఒంటికి తగిలేది ఉన్నిగానీ పాలిస్టరుగానీ అయి ఉండాలి, మధ్యలో నూగుండే ఫ్లీసు బట్ట, పైన గాలి దూరని కోటు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ముందు పోతాయి. అయిదు వేళ్ల గ్లవుజు కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే తొడుగు వెచ్చన. ఇవేవీ మనం పంపిన సూట్‌కేసులో లేవు. ఆవకాయ నాలుగు కిలోలుంది.

బడికి చేరాక అసలు యజ్ఞం. ఒకటో తరగతిలో ఇరవైమంది గుంటలు. పదిహేను నిమిషాల ఆటవిడుపు కోసం వాళ్లకి మంచు ప్యాంట్లు ముందు, బూట్లు తర్వాత, కోటు, టోపీ, ఆఖరున చేతి తొడుగులు తొడగాలి. వరస తప్పకూడదు. బూట్లు ముందేసుకున్నవాడికి ప్యాంటు ఎక్కదు, తొడుగులు ముందేసుకున్నవాడు జిప్పు పెట్టుకోలేడు. ఒకడి బొటనవేలు తొడుగులో దాని గదికి పోకుండా పక్కింటికి పోతుంది. ఒకతెకి రెండూ ఎడమచేతివే. పద్దెనిమిదోవాడి జిప్పు దగ్గరికొచ్చేసరికి మొదటివాడు చెమటలు పట్టి కోటు విప్పేస్తాడు. అతికష్టం మీద ఇరవైమందీ తయారై, గోళీసోడా సీసాల్లా వరసగా తలుపు దగ్గర నిలబడ్డాక, మధ్యలోంచి ఒక గొంతు: "టీచర్, ఒంటికి వస్తోంది."

మంచు పడితే సెలవు కదా అంటారు. మనకి తుపానుకి ఇచ్చినట్టు ఇచ్చేస్తారనుకుంటే పొరపాటు. నాలుగంగుళాలకి అక్కడ ఎవరూ తలెత్తి చూడరు. మంచుకి గాలి తోడై రోడ్డు కనపడకపోతే రెండు గంటల ఆలస్యం, మరీ ముదిరితే సెలవు. ఆ కబురు కోసం టీచరు అయిదింటికే లేచి ఫోను చూసుకోవాలి.

తుపానంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం మీద పడి కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టినప్పుడు, కరెంటు లేని ఇంట్లో కూర్చున్న మనకి ఎవరైనా ఫోను చేసి "ఓసారి తుపాను సూపించండి" అని ఉంటే ఏం జవాబు చెప్పేవాళ్లం?

మావయ్యని క్షమించవచ్చు. తెలీక అడుగుతాడు. తెలిసీ చెప్పనివాడు ఇంకొకడున్నాడు. విశాఖలో హోటల్ గదిలో ప్రొజెక్టరు పెట్టి, సాంస్కృతిక మార్పిడి కింద టీచర్లకూ ఇచ్చే జె-1 వీసా, మూడేళ్లు, ఆపైన పొడిగింపు అని చెప్పి, లక్షలు తీసుకున్న ఏజెంటు. అతని స్లైడ్లలో మంచు ఉంది. మంచుమనిషికి క్యారెట్ ముక్కు కూడా ఉంది. పంపించే పల్లెలో బస్సు తిరగదనీ, కారు లేకపోతే బడికి పోలేవనీ, అద్దె అడ్వాన్సూ, కారూ, బూట్లూ, కోటూ అన్నీ మొదటి జీతం రాకముందే కొనాలనీ ఒక్క స్లైడూ లేదు. ఆగస్టులో దింపుతాడు, అప్పుడక్కడ ఎండే. అక్టోబరుకి ఫోనెత్తడు. ఇక్కడ ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి గొంతు చించుకుని, పుస్తెలతాడు కుదువపెట్టి డబ్బు కట్టిన మనిషిని పల్చటి స్వెట్టరుతో మైనస్ ముప్పైలో నిలబెట్టడాన్ని ప్లేస్‌మెంట్ అంటారట! గాలి తోడైతే ఆ చలిలో కప్పని చెవి అరగంట లోపే గడ్డకడుతుంది. తెల్లబడి స్పర్శ పోయిన చోట రుద్దకూడదు, మంటకి కాచకూడదు, గోరువెచ్చటి నీళ్లలో ఉంచి ఆసుపత్రికి పోవాలి. ఇంతే, రెండు వాక్యాలు. అంత డబ్బు తీసుకున్నవాడి నోటి నుంచి ఈ రెండు వాక్యాలు రాలేదు.

ఈ సంక్రాంతి తర్వాత మళ్లీ అదే హోటల్లో మీటింగు పెడతాడు. మన జిల్లాల నుంచీ విమానం ఎక్కేవాళ్లున్నారు. చెయ్యెత్తి అడగండి: బడికీ ఇంటికీ ఎన్ని కిలోమీటర్లు, మొదటి నెల కారు ఎవరిస్తారు, ఇంజను హీటరుకి ప్లగ్గు పాయింటు ఉందా లేదా.

"అక్కడ స్నో భలే ఉంటాది మేడమ్," అంటాడు. "ఫొటోలు పెట్టండి."