ఒక్క బుధవారం పీహెచ్‌సీకి పంపండి

పదో తరగతి పరీక్షలు మొదలుకాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతుంటారు. ఎంపీసీనా, బైపీసీనా? బైపీసీ అంటే నీట్, నీట్ అంటే డాక్టర్, అంతే, మాట అయిపోయింది. అడ్వాన్సు కట్టి రసీదు చేతికొచ్చాక, నీకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా తల్లీ అని కూడా ఆ పిల్లను అడిగేవాళ్లుండరు.

2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైమాటే. అప్పటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు చూస్తే లక్షా పది వేలకు అటూ ఇటూ. మిగతావాళ్లలో ఎంతోమందికి ఒక లాంగ్‌టర్మ్ (నీట్ మళ్లీ రాయడానికి ఏడాది కోచింగ్), అదీ కాకపోతే ఇంకో లాంగ్‌టర్మ్, చివరికి ఏదో ఒక డిగ్రీ. వీళ్లలో చాలామందికి ఆస్పత్రి పనంటే నిజంగానే ఇష్టం. కానీ అక్కడ డాక్టరు, నర్సు కాక ఇంకెవరెవరు ఏమేం చేస్తారో హైస్కూల్లో ఉండగా వాళ్లకు చూపించినవాళ్లు లేరు. మా ఫిర్యాదల్లా ఇదే.

అనుబంధ వైద్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో ఒక చట్టం చేసింది. అందులో యాభైకి పైగా వృత్తులున్నాయి. డయాలసిస్ టెక్నీషియన్, అనస్థీషియా టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, ఆప్టోమెట్రిస్టు... పదో తరగతి పిల్లలు వీటిలో ఎన్ని పేర్లు చెప్పగలరు? పిల్లల సంగతి సరే, టీచర్లు ఎన్ని చెప్పగలరు? కరోనా రోజుల్లో వెంటిలేటర్లుండీ, నడిపేవాళ్లు లేక అవి మూలన పడున్న ఆస్పత్రుల గురించి వార్తలు రాసి రాసి మా చేతులు నొప్పెట్టాయి. 108 అంబులెన్సు మొదట బయల్దేరింది మన హైదరాబాద్‌లోనే, 2005 ఆగస్టు 15న. రోడ్డు మీద పడి ఉన్న మనిషికి మొదట చెయ్యి వేసేది అందులో వచ్చే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్). ఆ ఉద్యోగానికి ఏం చదవాలో చెప్పమంటే పెద్దవాళ్లమే నోరెళ్లబెడతాం.

దారులు లేవని కాదు. ఇంటర్ ఒకేషనల్లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) ఉంది, ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) ఉంది. కాకపోతే ఒకేషనల్ అంటే మార్కులు రాని పిల్లలు తీసుకునేదని మనమే ముద్ర వేశాం. చేరినవాళ్లకైనా అన్నీ విప్పి చెబుతున్నారా అంటే అదీ లేదు. పై చదువులకు వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు (జనరల్ ఇంటర్ సైన్స్ సబ్జెక్టుల్లో అదనపు పరీక్షలు) రాయాలన్న సంగతి, ఎంపీహెచ్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఏఎన్ఎం (ఊళ్లలో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) ఉద్యోగానికి అప్లై చేయాలంటే ఏడాది క్లినికల్ ట్రైనింగ్ కూడా ఉండాలన్న సంగతి రెండేళ్లు గడిచాక ఎవరో సీనియర్ నోట వినడమేంటి? చేరే రోజే అప్లికేషన్ ఫారం మీద పెద్దక్షరాలతో అచ్చు వేయొచ్చు కదా.

ఇక మేం అడిగేది చాలా చిన్నది. బుధ, శనివారాలు టీకాల రోజులు. తొమ్మిదో తరగతి పిల్లల్ని పది మంది చొప్పున ఒక బుధవారం దగ్గర్లోని పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పంపండి. సూదులు ముట్టుకోవద్దు, రోగుల విషయాలు బయట మాట్లాడొద్దు అని ముందే గట్టిగా చెప్పి పంపండి. ఏఎన్ఎం చేతిలోని టీకా సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో తెల్ల చదరం ఉంటాయి. ఎండ తగిలి, వేడెక్కి ఆ చదరం ముదిరి చుట్టూ ఉన్న గుండ్రం రంగులోకి వచ్చేసిందంటే ఆ సీసా పక్కన పడేయాల్సిందే. పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్ సీబీపీకి (రక్త కణాలను లెక్కించే పరీక్షకు) తీసిన రక్తాన్ని ఊదా రంగు మూత ట్యూబులోనే ఎందుకు పోస్తారో అడగమనండి. అందులోని ఈడీటీఏ అనే రసాయనం రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం గడ్డ కట్టదు. అదే రక్తం పొరపాటున ఎర్ర మూత ట్యూబులో పోస్తే గడ్డ కట్టిపోయి, పేషెంటును మళ్లీ పిలిచి ఇంకోసారి పొడవాలి. మన పిల్లలు బిట్లు బట్టీ పట్టే కెమిస్ట్రీ, బయాలజీ ఇవే. ఆ పూట ఒకరికి ఆ పని మీద మనసు పడొచ్చు, ఇంకొకరికి ఇది మన వల్ల కాదని తేలిపోవచ్చు. కోచింగ్‌కు లక్షలు పోశాక తేలడం కన్నా ఇది నయం కదా.

2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేని బడి అని రాసుకున్నారు. అందులో ఒక రోజు ఇటు మళ్లించడానికి పెద్ద అడ్డేమీ ఉండదు. తొమ్మిది, పదికీ ఒక పూట దొరక్కపోదు, సిలబస్ ఏమీ మునిగిపోదు.

అయితే పిల్లలకు రంగుల సినిమా చూపించొద్దు. ఈ ఉద్యోగాల్లో చాలా వరకు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగే. నైట్ డ్యూటీలుంటాయి, జీతాలు ఆలస్యమవుతాయి. నర్సులను ప్రభుత్వ సంస్థలే జర్మనీకీ జపాన్‌కీ పంపుతున్నాయి గానీ, ఆ భాష నేర్చుకోనిదే అక్కడ పని లేదు. ఈ కష్టాలన్నీ ఆ పనిలో ఉన్నవాళ్ల నోటే విననివ్వండి. పీహెచ్‌సీలోని స్టాఫ్ నర్సు పావుగంటలో చెప్పేది ఏ కెరీర్ గైడెన్స్ పాంప్లెట్లోనూ దొరకదు.

దీనికి జీవో కోసం ఎదురు చూడనక్కర్లేదు. డీఈవో చెవిన ఒక మాట వేసి, హెడ్మాస్టర్ మెడికల్ ఆఫీసరుకు ఒక లెటర్ రాస్తే సరి, మహా అయితే ఆటో ఖర్చు. పీఆర్వోలు గేటు తట్టేది సంక్రాంతి సెలవుల చుట్టుపక్కల కాబట్టి ఆ లెటర్ ఏదో దసరా లోపే వెళ్లాలి.