నోటిమాట గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నోటిమాట గారికి,

నమస్కారాలు. తమరి ఘనత గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. రాయడమంటే తమరికి గిట్టదని తెలుసు, ఏమీ అనుకోకండి.

ఇల్లో స్థలమో చేతులు మారుతోందంటే అందరికంటే ముందు వచ్చి కూర్చునేది మీరే. "మనలో మనకి కాగితాలెందుకండీ" అని మీరు ఒక్క నవ్వు నవ్వగానే, కాగితం అడిగినవాడు అనుమానప్పక్షి అయిపోతాడు, అడగనివాడు పెద్దమనిషి. హెడ్‌ఫోన్స్ కొన్నా బిల్లు భద్రంగా దాచుకునే మనిషి చేత, జన్మంతా కూడబెట్టింది అడ్వాన్సుగా ఇప్పించి ఉత్తచేతులతో పంపడం మీకు తప్ప ఎవరికి చేతనవుతుంది?

మీలో నాకు బాగా నచ్చేది, ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుండటం. అమ్మినాయనకి హద్దు గోడ దాకానే. కొన్నాయనకి గోడ అవతలి చెట్టుతో సహా. పాత పన్ను బకాయి ఎవరి నెత్తిన? మోటారు, ఫ్యాన్లు ఇంటితో పాటేనా? లోను రాకపోతే అడ్వాన్సు వెనక్కొస్తుందా? ఖాళీ చేసేది నెలాఖరుకా, పిల్లల పరీక్షలయ్యాకా? అన్నిటికీ మీ దగ్గర చెరో జవాబు ఉంటుంది. తమాషా ఏమిటంటే ఇద్దరూ అబద్ధమాడటం లేదు. మోసగాళ్లు కొట్టుకోవడంలో వింతేముంది, నిఖార్సైన మనుషులిద్దరి చేత కోర్టు మెట్లెక్కించడంలోనే మీ పనితనం కనిపిస్తుంది. వాళ్లలో ఒకరు కాలం చేస్తే మరీ సుఖం. తండ్రి అన్నమాట కొడుకు వినలేదు, విన్న సాక్షికి ఏమీ గుర్తులేదు.

మీ చరిత్రా తక్కువదేం కాదు. పూర్వం యూరప్‌లో ఉండే ఫ్రాంకు జనాల్లో రిపువేరియన్ తెగవాళ్ల చట్టం ప్రకారం, భూమి చేతులు మారేచోటికి చిన్నపిల్లల్ని సాక్షులుగా తీసుకెళ్లి, ఆ సంగతి జన్మలో మరిచిపోకుండా చెంపలు వాయించి చెవులు మెలిపెట్టేవారు. మీ రికార్డు రూము పసివాళ్ల చెవి అన్నమాట! అంతకు వేల ఏళ్ల ముందే మెసొపొటేమియాలో ఒప్పందాన్ని మట్టిపలక మీద రాసి, దానికి మట్టితోనే తొడుగు వేసి, పైన మళ్లీ అదే రాసి ముద్రలు కొట్టేవారు. పైది ఎవరైనా మార్చారంటే తొడుగు పగలగొట్టి లోపలిది చూడటమే. పాపం, మీ మీద వాళ్లకంత నమ్మకం.

1677లో ఇంగ్లండ్ పార్లమెంటు మిమ్మల్ని గట్టిగా అవమానించింది. అప్పట్లో అక్కడి కోర్టుల్లో కక్షిదారులు తమ కేసులో తామే సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. తెచ్చిన సాక్షి ఏది చెబితే అదే, సాక్షుల్ని తెచ్చుకోవడం డబ్బున్నవాడికి ఓ లెక్కా? అందుకే మోసాలు, దొంగసాక్ష్యాల నివారణకని చట్టం చేసి, భూమి అమ్మకం మీద దావా వేయాలంటే ఒప్పందం రాతలో ఉండాలి, ఎవరి మీద దావా వేస్తున్నారో వాళ్ల సంతకం ఉండాలి అన్నారు. (తన సంతకం మాత్రం ముచ్చటగా పెట్టి, అవతలివాడిది "తర్వాత తీసుకుందాంలే" అనుకునేవాళ్లు మీకు దూరపు చుట్టాలే.) అమెరికా రాష్ట్రాలు చాలావరకు అదే దారి పట్టాయి. 1989లో ఇంగ్లండ్ ఇంకా బిగించి, ఒప్పుకున్న షరతులన్నీ పత్రంలో ఉండాలి, ఇరుపక్షాలూ సంతకం పెట్టాలి అంది. జర్మనీలోనైతే నోటరీ ముందు కూర్చోవాల్సిందే.

మీ పరువు నిలువునా తీసిన కేసు మాత్రం అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానిది. 1952లో ఒకాయన మందు పుచ్చుకుంటూ, తన పొలం 50,000 డాలర్లకి అమ్ముతానని రెస్టారెంట్ బిల్లు వెనక రాసి, భార్య చేత కూడా సంతకం పెట్టించాడు. తర్వాత "ఉత్తుత్తికే అన్నాను" అన్నాడు. 1954లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, అమ్మి తీరాలంది. మందు గ్లాసు పక్కన గిలికిన కాగితానికున్న విలువ, దేవుడి మీద ఒట్టేసిన మీకు లేకపాయె!

అలాగని మిమ్మల్ని పూర్తిగా వెలివేయలేదు. కొన్నవాడు డబ్బిచ్చి, కాపురం పెట్టి, గదులు కూడా కట్టుకుని ఉంటే, రాత లేకపోయినా కొన్నిచోట్ల కోర్టులు దయ తలుస్తాయి. ఆ దయ అందేలోగా లాయరు ఫీజులకి ఇంకో గది లేచేది, అదే బాధ.

కనుక సినిమాకి వస్తానన్న మాట, పుస్తకం తిరిగిస్తానన్న మాట మీకే వదిలేస్తున్నాం, హాయిగా ఏలుకోండి. ఇళ్లూ స్థలాల జోలికి మాత్రం రాకండి. మీరు లేకపోతే బేరాలే తెగవని బ్రోకరు గారు ఒకటే బెంగపడుతున్నారు. ఆయన కమిషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో మాత్రం రాయించుకుని, ప్రతి పేజీ మీదా మా సంతకాలు తీసుకున్నారు.

ఇట్లు,
పెన్ను జేబులో పెట్టుకుని తిరిగే ఒక అనుమానప్పక్షి