సెంటు సెంటుగా వంద ఎకరాలు

నేను వంద ఎకరాల ఆసామిని. తణుకులో ఈ మాట పైకి అనను. ల్యాండ్ సీలింగ్ వాళ్లు వస్తారని కాదు, మా ఆవిడ వింటుందని. అయినా లెక్క లెక్కే కదా. ముప్పై రెండేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి, కాకిలెక్కలు చెప్పను. వంద సెంట్లు ఒక ఎకరం. వంద సెంట్లు ఒక డాలరు. మన రాతల పక్కన ప్రకటనలు వేసి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌లో వంద డాలర్లు పోగైతే గాని మన బ్యాంకుకు డబ్బు రాదు. నాకు వచ్చింది. ఇక నేనెన్ని ఎకరాల ఆసామినో మీరే తేల్చండి.

ఇంటర్నెట్‌లో నాలుగు రాతలు రాసి, వాటి పక్కన ప్రకటనలు వేయించుకుని, కూర్చున్న చోటి నుంచి కదలకుండా సంపాదించడం ఎలాగో చెప్పమని కుర్రకారు నా వెంట పడుతున్నారు. నిజానికి అడిగింది ఒక్కడే, మా మేనల్లుడు. వాడూ నేను జవాబు మొదలుపెట్టేసరికి ఫోనొచ్చిందని వరండాలోకి వెళ్లాడు, ఇంకా రాలేదు. అయినా అనుభవం ఉన్నవాడు దాచుకోకూడదు.

నా సేద్యం ఒక బ్లాగు. అందులో పాత పనిముట్ల పేర్లు రాస్తాను. నాగలికి మేడి ఏది, కర్రు ఏది, ఏతం తొక్కేవాడు కాలు ఎక్కడ పెట్టేవాడు, ఇలాంటివి. వీటిని చదివేవాళ్లు లోకంలో ఎంతమంది ఉన్నారో అంతమందీ నా బ్లాగు చదువుతున్నారు. రోజుకు పదకొండు మంది.

2018 దాకా తెలుగు రాతల పక్కన ఈ ప్రకటనలు వేసుకునే వీలే లేదు. హిందీకి ఆ యోగం 2014లోనే పట్టింది. అంతవరకూ మనవాళ్లలో కొందరు ఇంగ్లీషులో ఓ పది టపాలు (బ్లాగు రాతలు) రాసి, అనుమతి తెచ్చుకుని, ఆనక మెల్లగా తెలుగులోకి దిగేవారు. పెళ్లిచూపుల్లో అక్కను చూపించి పీటల మీద చెల్లెల్ని కూర్చోబెట్టే పద్ధతి. నేను పద్ధతైన మనిషిని కాబట్టి 2018 దాకా ఆగాను. ఇంగ్లీషు రాదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

అనుమతి వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే ఖాతాలో 0.01 ఉంది. పట్టలేక, "ఏమేవ్, ఓ సెంటు వచ్చిందే!" అని కేకేశాను. మా ఆవిడ స్టవ్వు కట్టేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎక్కడండీ? కాలవ గట్టు వైపా, హైవే వైపా?" అంది. అమెరికా సెంటు అనీ, మన డబ్బుల్లో డెబ్బై పైసలనీ చెప్పాను. వెళ్లి మళ్లీ స్టవ్వు వెలిగించుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లపాటు నా రాబడి గురించి ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కుటుంబంలో ఇంతటి ఆర్థిక స్వేచ్ఛ ఎంతమంది మగవాళ్లకు ఉంటుంది?

సరే, వాటాల సంగతి. ప్రకటన ఇచ్చినవాడు వంద రూపాయలు పెడితే అందులో రాసేవాడికి 68, కంపెనీకి 32 అని చాలా ఏళ్లు నడిచింది. 2023 చివర్లో లెక్క మారుస్తున్నామన్నారు. ప్రకటన కొనిపెట్టే విభాగం ముందు తన రుసుము తీసుకుంటుందట, సగటున నూటికి 15. మిగిలిన 85లో నూటికి 80 మనకట. చాక్‌పీసు తీసుకుని హెచ్చవేశాను. 68 వచ్చింది. ఇంకోసారి వేశాను. 68 వచ్చింది. ఇంత పెద్ద మార్పు చేసి జవాబు మాత్రం చెక్కుచెదరకుండా కాపాడిన ఆ లెక్కల మాస్టారెవరో గాని, ఆయనకు నా నమస్కారం.

మా జిల్లాలో కౌలు తెలిసిన వాళ్లకి ఈ వాటా చూడగానే నోరూరుతుంది. రైతుకు 68 మిగిల్చే కౌలు ఎక్కడుంది చెప్పండి? నేనూ అలాగే మురిసిపోయాను. తర్వాత ఓ మధ్యాహ్నం నిద్ర పట్టక ఆలోచించాను. నా బ్లాగున్న బ్లాగర్ అనే చోటు గూగుల్ 2003లో కొనుక్కున్నది. ఈ యాడ్‌సెన్స్ దుకాణం తెరిచిందీ ఆ ఏడే. చదివేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేదీ గూగుల్ సెర్చ్ అనే వాళ్ల వెతుకులాట మీదుగానే. అంటే నేల వాళ్లది, కాలవ వాళ్లది, పంట కొనే షావుకారు వాళ్లే, కాటా వాళ్లదే, కాటా సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చేదీ వాళ్లే. నాగలి ఒక్కటీ నాది. అదీ నాగలి మీద టపా మాత్రమే. అయినా నన్ను వాళ్లు పిలిచేది "పబ్లిషర్" అని. కౌలు రైతును "జమీందారుగారూ" అని పిలిస్తే కడుపు నిండకపోయినా ఛాతీ నిండుతుంది.

కాలవ అన్నాను కదా. గోదావరి మీద 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించినా, ఇప్పటికీ శివారు పొలాల దాకా నీళ్లు ఎక్కవు. పై తూముల దగ్గరే అయిపోతాయి. వెతుకులాటలోనూ అంతే. మొదటి పేజీ వాళ్లది తలకాలవ భూమి. నాది తొమ్మిదో పేజీ. ఈమధ్య గూగుల్ వాళ్లు గేటు దగ్గరే, అంటే వెతికిన పేజీలోనే, జవాబు వండి వడ్డించేస్తున్నారు కాబట్టి నీళ్లు కాలవలోకే దిగడం లేదు.

ఇంతకీ తలకాలవ కింద ఏం పండిస్తున్నారు? ఈ రోజు బంగారం ధర. రేపటి రాశిఫలాలు. పథకం డబ్బులు పడ్డాయో లేదో మీ మొబైల్‌లోనే చూసుకోండిలా. ఫలానా హీరోయిన్ వయసెంత, ఆస్తులెన్ని. ఇవి మూడు కార్లు పండే పంటలు. నేనేమో రోకలి దగ్గర కూర్చున్నాను.

నా టపాలో అసలు విషయం ఒక్క వాక్యమే. రోకలి చివర తొడిగే ఇనుప కట్టును పొన్ను అంటారు. అయిపోయింది. చదివేవాడు చదువుకుని, "ఓహో" అనుకుని వెళ్లిపోతాడు. ప్రకటన చూడడానికి వాడికి తీరికేదీ? రాత రెండు నిమిషాల్లో ముగిస్తే మనం చేసేది సేద్యం కాదు, దానం. కాబట్టి ఆ టపాను శాస్త్రోక్తంగా తిరగరాశాను. రోకలి అంటే ఏమిటి? రోకలి వల్ల ఎనిమిది లాభాలు. రోకలిని ఈ దిక్కున పెడుతున్నారా, అయితే జాగ్రత్త! ఓ ప్రకటన. మన పూర్వీకులు రోకలి విషయంలో పాటించిన రహస్యం తెలిస్తే షాకవుతారు. ఇంకో ప్రకటన. రోకలి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు. (నా జన్మలో నన్నెవరూ రోకలి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.) మూడో ప్రకటన. అప్పుడు, ఊపిరి మిగిలినవాడి కోసం, పొన్ను.

ఇది ఏమార్చడం అనుకుంటారేమో. కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాసేపు కూర్చోబెట్టకుండా పంపడం మర్యాదా?

ఇక ప్రకటనల ఎంపిక. పక్కన ఏ ప్రకటన వేయాలో యంత్రమే చూసుకుంటుంది, రాతలోని మాటల్ని బట్టి కొంత. దాని తెలివికి ముచ్చటేస్తుంది. పాత టేకు ఊయల గురించి రాస్తే పక్కన సంతాన సాఫల్య కేంద్రం ప్రకటన వచ్చింది. పాడె కట్టే వెదురు గురించి రాస్తే టర్మ్ ఇన్సూరెన్స్ వచ్చింది, అదీ "ఇంకా ఆలస్యం చేయకండి" అంటూ. చచ్చిపోయిన మాటల్ని ఒక్కొక్కటిగా ఏరుకుంటున్న నాకు, వాటికి ఇప్పటికీ గిరాకీ ఉందని చెప్పింది ఆ యంత్రమొక్కటే.

అయితే ప్రకటనలు రాతను బట్టే కాదు, చూసే మనిషిని బట్టి కూడా వస్తాయి. ఆ మనిషి అంతకుముందు ఏయే దుకాణాల్లో తొంగిచూశాడో గుర్తుపెట్టుకుని వెంటపడతాయి. ఇది తెలియక నా బ్లాగు అభిమాని, పెద్దమనిషి, ఒకాయన ఘాటుగా ఉత్తరం రాశారు. "మాస్టారూ, కవ్వం గురించి చక్కగా రాసి, పక్కన ఆ ఆడవాళ్ల లోదుస్తుల బొమ్మలేమిటి? మీ వయసుకు తగునా?" అని. నేను వినయంగా, సాంకేతిక వివరాలతో సహా, ఎవరి ఫోనులో ఏది ఎందుకు కనిపిస్తుందో విడమరిచి జవాబు రాశాను. ఆ రోజు నుంచి నా పాఠకులు పది మంది.

పోయిన ఆ ఒక్కరి లోటు భర్తీ చేయడానికి మా బావమరిది నడుం కట్టాడు. ప్రకటన నొక్కితే బావగారికి డబ్బులొస్తాయని ఎవరో చెప్పారట. సంక్రాంతికి వచ్చి మా ఇంట్లో మూడు రోజులున్నాడు. కోడిపందేలకు కూడా వెళ్లకుండా, మా వైఫై మీద, వీధి అరుగు మీద కూర్చుని నొక్కాడు. నలభై మూడుసార్లు. "మనవాళ్లకి మనం చేసుకోకపోతే ఎవరు చేస్తారు బావగారూ" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. మన ప్రకటన మనం నొక్కకూడదు, నొక్కించకూడదు, నొక్కమని బతిమాలకూడదు. అవి చెల్లని క్లిక్కుల కింద పడతాయి, ఆ సొమ్ము ప్రకటన ఇచ్చినవాళ్లకి తిరిగి వెళ్తుంది, మరీ మితిమీరితే ఖాతాయే మూతపడుతుంది. ఆ నెల నా రాబడిలో కోత పడింది. న్యాయమే, నేనేమీ అనను.

బావమరిది సంగతే కాస్త ఇబ్బందైంది. అతను నొక్కినవన్నీ ఊయల టపా దగ్గరివి. ఇంటికెళ్లినప్పటి నుంచి ఫోను తెరిస్తే చాలు, సంతాన సాఫల్య కేంద్రాలు. క్రికెట్ స్కోరు పక్కన, వాతావరణం కింద, అంతటా. అతనికి యాభై ఎనిమిదేళ్లు, మనవడు బాలవాడికి వెళ్తున్నాడు. వాళ్లావిడ ఫోను చూసింది. ఆ తర్వాత జరిగింది రాయను. వాళ్లింట్లో నెల్లాళ్లు టెన్షన్ అని మాత్రం చెప్పగలను.

నా పది డాలర్లు పూర్తవగానే కంపెనీ నుంచి మా ఇంటికి ఆరంకెల పిన్ను పోస్టులో వచ్చింది. చిరునామాలో మనిషున్నాడో లేడో తెలుసుకోవడానికట. నాలుగు నెలల్లో ఆ అంకెలు కొట్టాలి. మామూలు కవరే కావడంతో మా అత్తగారు దాన్ని శుభలేఖ అనుకుని, పసుపు రాయలేదేమిటని చిరాకుపడి, మిగతా శుభలేఖలతో కలిపి గోడకున్న సంచిలో పెట్టారు. మూడు నెలల ఇరవై రోజులకు ఏదో పెళ్లి తేదీ కోసం వెతుకుతుంటే దొరికింది. ఆ పెళ్లీ అయిపోయింది.

వంద డాలర్లు 2023 ఏప్రిల్‌లో నిండాయి. నాలుగున్నరేళ్లు పట్టింది. డబ్బు మరుసటి నెల 21కీ 26కీ మధ్య పంపుతారు. 21 నుంచి రోజూ తెల్లచొక్కా వేసుకుని బ్యాంకుకు వెళ్లాను. కౌంటరులో అమ్మాయి, "ఫారిన్ నుంచి వచ్చాయండీ. అబ్బాయి పంపాడా?" అంది.

"లేదమ్మా, నా సంపాదనే."

"ఏం చేస్తారండీ?"

"రోకలి గురించి రాశాను."

ఆ అమ్మాయి నా వంక చూసి, మేనేజరు గది వంక చూసి, కోడ్‌ల పట్టిక తీసింది. విదేశాల నుంచి ఏ రకం సొమ్ము వచ్చినా దానికో కోడ్ ఉంటుంది. వెతగ్గా వెతగ్గా పి1007 దగ్గర ఆగింది. ప్రకటనలు, వాణిజ్య ప్రదర్శనలు. రోకలి అంత దూరం వెళ్లిందన్నమాట. చేతికొచ్చింది ఎనిమిది వేల రెండొందలు. బ్లాగు సొంత పేరుకి (డొమైన్ అంటారు) ఏటా తొమ్మిది వందల చొప్పున ఐదుసార్లు కట్టింది పోను, మిగిలింది మూడు వేల ఏడొందలు.

పన్ను ఎగ్గొట్టే రకం కాను కనుక ఆడిటరు దగ్గరికీ వెళ్లాను. ఆయన కాగితాలు తిప్పి, "ఇది ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులో చూపిద్దాం మాస్టారూ. జీఎస్టీ అంటారా, మీ టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. ఇప్పటి వేగంతో 20 లక్షలు పోగవడానికి సుమారు 1,100 ఏళ్లు. అదీ ఒక్క ఏడాదిలో రావాలి. ఆడిటరుగారి ఫోను నంబరు జాగ్రత్తగా రాసి పెట్టుకున్నాను.

మొన్న తూము గురించి కొత్త టపా వేశాను. తూములో చెక్క ఎలా దించేవారు, కాలవ కాపలా లష్కరు తాళం ఎక్కడ పెట్టుకునేవాడు, అన్నీ వివరంగా. ఎలా వచ్చిందో చూద్దామని తెరిస్తే, మొదటి పేరా కింద పెద్ద ప్రకటన. తణుకు దగ్గరే వెంచరు, నలభై అడుగుల రోడ్లు, బ్యాంకు లోను సదుపాయం, సెంట్లలో స్థలాలు. మా ఆవిడ వెనక నిలబడి చూస్తోందని నాకు తెలియదు.

"సెంటు ఎంతటండీ? నొక్కి చూడండి."

"నేను నొక్కకూడదే."

"అదేమిటి? మీ బ్లాగే కదా!"

"నా బ్లాగు కాబట్టే."

ఆవిడ కాసేపు నన్ను చూసింది. తర్వాత కళ్లజోడు తెచ్చుకుని, పాలవాడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద ప్రకటనలోని ఫోను నంబరు రాసుకుని, వరండాలోకి వెళ్లింది. మేనల్లుడు ఇంకా అక్కడే ఉన్నట్టున్నాడు.